మేస్త్రి బుక్కు, మన బుక్కు

దీపావళి పోయిన వారంలో హైదరాబాద్ సైట్ల మీద ఏటా ఒక పంచాయితీ తప్పదు. ఆత్మకూర్, అమరచింత, మదనాపూర్, చిన్నచింతకుంట వైపు పిల్లలు కురుమూర్తి జాతరకు పోవాలంటారు. స్వామి ఆభరణాలు ఆత్మకూర్ నుంచే ఊరేగింపుగా కదులుతాయి. ఆ వెంటనే ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవం. ఆ రోజుల్లో ఊళ్లో కనపడని మనిషిని ఇంట్లోవాళ్లు ఏడాది పొడుగునా ఎత్తిపొడుస్తారు. సూపర్‌వైజర్‌కేమో సరిగ్గా అప్పుడే స్లాబు పడాల్సి ఉంటుంది, లేదా ఫ్లాట్ల తాళాలు ఇవ్వాల్సిన తేదీ ముంచుకొస్తుంది. "పోతే మళ్ల రాకు" అంటాడాయన. "నేను రాకుంటే నీ వైరింగ్ ఎవడు చేస్తడు" అనుకుంటాడు ఇతను, పైకి మాత్రం అనడు. రెండు రోజులు సెలవు అడగాల్సినవాడు ఫోన్ స్విచాఫ్ చేసి వారం పోతాడు. తిరిగొచ్చేసరికి అతని హాజరులో అంతకు ముందు చేసిన రాత్రి డ్యూటీలు మాయమై ఉంటాయి. అడుగుదామంటే ఆధారం లేదు. తప్పు తనదే అన్నట్టు తల వంచుకుని మళ్లీ పైపు పట్టుకుంటాడు.

మార్కెట్లో దొరికే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఈ పిల్లాడికి ఇచ్చే సలహా మనకు తెలిసిందే. పొద్దున ఐదింటికి లేవాలి, ఓపిక పెంచుకోవాలి, పనిని ప్రేమించాలి. అతను నాలుగున్నరకే లేస్తున్నాడు. నీళ్ల ట్యాంకర్ దగ్గర వరుస తప్పితే స్నానం ఉండదు కాబట్టి లేస్తున్నాడు. ఓపిక పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. అతనికి లేనిదల్లా లెక్క. ఎన్ని గంటలు చేశాడో, ఎందుకు అంతసేపు చేయాల్సి వచ్చిందో, దానికి ఎంత రావాలో రాసి ఉన్న కాగితం అతని చేతిలో లేదు. అది మేస్త్రి దగ్గర ఉంది, లేదంటే కంపెనీ ఆఫీసులో ఉంది. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఆ కాగితాన్ని సొంతం చేసుకోవడం గురించే.

ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఏసీ, టైల్స్, పెయింటింగ్, లిఫ్టులు... చేతిపని మీద నడిచే కంపెనీ ఏదైనా ఇది పనికొస్తుంది. తెలంగాణలో ఆత్మకూర్లు చాలా ఉన్నాయి. సూర్యాపేట దగ్గర ఒకటి, యాదాద్రి జిల్లాలో ఒకటి. నేను ఉదాహరణలు తీసుకుంటున్నది జూరాల ప్రాజెక్టు పక్కన, వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూర్ నుంచి.

పాత అలవాటు ఎక్కడిది

కంపెనీ కొత్తదే. బోర్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటుంది, హాజరు వేలిముద్రతో పడుతుంది. కానీ లోపల నడిచే పద్ధతి పాతది, అది పాలమూరు వాళ్లకు బాగా తెలిసిన పద్ధతే. "పాలమూరు లేబర్" అన్న పేరు దేశమంతా పాకింది. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్ని ప్రాజెక్టుల కట్టల మీద మన జిల్లా వాళ్ల చెమట ఉందో ఇప్పటికీ ఇళ్లల్లో చెప్పుకుంటారు. కృష్ణ పారుతున్న జిల్లా నుంచి నీళ్లు లేక వలస పోయి, ఇంకొకరి ఊళ్లకు నీళ్లు తెచ్చే కట్టలు కట్టారు. ఆత్మకూర్‌కు దగ్గర్లోని జూరాలకు శంకుస్థాపన జరిగింది 1981లో. అంతవరకూ, ఆ తర్వాత కాలువలు పారేదాకా కూడా, గుంపు మేస్త్రి పిలుపే చాలా కుటుంబాలకు దిక్కు.

గుంపు మేస్త్రి ఊళ్లోకి వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు. ఆలుమగలను కలిపి ఒక లెక్కగా కట్టుకుంటాడు. అతని పైన పెద్ద మేస్త్రి, ఆ పైన కాంట్రాక్టరు, ఆ పైన కంపెనీ. కూలీకి కంపెనీ ఎవరిదో తెలియదు, కంపెనీకి కూలీ పేరు తెలియదు. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క బుక్కు, అది మేస్త్రి చంకలో ఉంటుంది. పనిదినాలు, నాగాలు, వారం ఖర్చు, బియ్యం, జ్వరం గోలీ, ఊరికి పోయిన బస్సు చార్జీ అన్నీ అందులోనే. రాసేది ఒక్కడు. వినేవాళ్లలో చాలామందికి చదువు రాదు. సీజను చివర బుక్కు తెరిస్తే ఇంకా బాకీ ఉన్నావనే తేలేది. మళ్లీ ఏడాది అదే మేస్త్రి, అదే సైటు.

ఇది ఒక్క పాలమూరు గోడు కాదు. ఒడిశాలో "దాదన్" కూలీల పరిస్థితి చూసి అక్కడి ప్రభుత్వం 1975లో చట్టం చేసింది. ఆ దారిలోనే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అయితే అది పేరుకు తగ్గట్టే రాష్ట్రం దాటినవాళ్లకు. ఆత్మకూర్ నుంచి బొంబాయి పోయినవాడికి వర్తించేది, హైదరాబాద్ పోయినవాడికి కాదు. ఆకలికి రాష్ట్ర సరిహద్దు ఉంటుందని చట్టం రాసినవాళ్లు అనుకున్నారేమో.

మేస్త్రి కమీషన్ ఎంత మామూలు విషయంగా మారిపోయిందో తెలియాలంటే 1982 ఢిల్లీ ఆసియా క్రీడల కేసు చూడాలి. స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టే కూలీలకు అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ డబ్బు జమాదార్ల చేతికిచ్చేవాళ్లు. జమాదారు రూపాయి కమీషన్ పట్టుకుని 8 రూపాయల 25 పైసలు కూలీ చేతిలో పెట్టేవాడు. ప్రజాస్వామిక హక్కుల సంఘం పీయూడీఆర్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం తీర్పు ఇస్తూ, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. మెడ మీద కత్తి పెడితేనే బలవంతం కాదు, ఆకలితో వేరే దారి లేక ఒప్పుకున్నా అది బలవంతమే అన్నది ఆ తీర్పు సారాంశం. పోయింది ఒక్క రూపాయే కదా అని కోర్టు వదిలేయలేదు. మనమే వదిలేస్తుంటాం.

ఇప్పుడు ఐటీఐ చదివిన పిల్లాడు కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేరతాడు. జీతం బ్యాంకులో పడుతుంది. మేస్త్రి పేరు సూపర్‌వైజర్‌గా మారింది, చంకలోని బుక్కు వాట్సాప్ గ్రూపుగా మారింది. "రేపు ఆదివారం అందరూ రావాలె" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పడుతుంది. కింద వరుసగా బొటనవేళ్లు. ఒక్కడు వేలు పెట్టకపోతే వాడి పేరు పెట్టి ఇంకో మెసేజ్. రాసేవాడు ఒక్కడే అన్న సంగతి ఇక్కడా మారలేదు.

బరువు ఎక్కణ్నుంచి వస్తున్నది

చేతిపనిలో భారం ఎక్కువై నలిగిపోతున్నవాణ్ని అడిగితే "పని శానా ఉన్నది" అంటాడు. ఆ మాట నిజమే కానీ దాంతో ఏ సూపర్‌వైజరూ ఏమీ చేయలేడు, చేయడు కూడా. పని ఎందుకు శానా అయిందో చూడాలి.

స్లాబు పని తీసుకోండి. సెంట్రింగ్ వాళ్లు చెక్కలు కొట్టాలి. ఆ మీద స్టీలు కట్టేవాళ్లు రాడ్లు పరవాలి. అప్పుడు ఎలక్ట్రీషియన్ పైకెక్కి రాడ్ల మధ్య పైపులు లాగి, ఫ్యాన్ బాక్సులు కట్టి, మూతుల్లో కాంక్రీట్ పోకుండా కాగితాలు కుక్కాలి. కాంక్రీట్ పడ్డాక ఇక చేయడానికి ఏమీ ఉండదు. ఒక్క పైపు మరిచిపోతే తర్వాత స్లాబును గాడి కొట్టాల్సిందే, ఆ తిట్లు వేరే. కాంక్రీట్ బండ్లకు పొద్దున ఆరింటికి టైము ఇచ్చేసి ఉంటారు, అది వెనక్కి జరగదు. స్టీలు పని మధ్యాహ్నానికి అయిపోవాల్సింది సాయంత్రం ఏడింటికి అవుతుంది. మిగిలిన రాత్రి ఎలక్ట్రీషియన్‌ది. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చున్నవాడి గతే ఇతనిదీ: ముందువాళ్లు ఎంత ఆలస్యం చేసినా ఆకు ఎత్తేసే టైము మారదు. ఫినిషింగ్ దశలో ఈ గతి పెయింటర్‌కు పడుతుంది. ఏసీ కంపెనీలో సీలింగ్ మూయకముందే పైపు పరీక్షలు ముగించాల్సినవాడికి పడుతుంది.

ఇలాంటి రాత్రి గురించి మర్నాడు రెండు రకాలుగా మాట్లాడొచ్చు. "రాత్రంత పని జేసిన సార్, పానం బాగలేదు" అనేది ఒకటి. దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది: "అందరూ చేస్తున్నరు." రెండోది లెక్కతో మాట్లాడడం. అందుకు బుక్కు కావాలి. నోట్‌బుక్కులో ఒక రోజు పేజీ ఇలా ఉండొచ్చు:

"మంగళవారం. 8:15కు ఎక్కిన. పైపు మెటీరియల్ 11:30కు వచ్చింది, అప్పటిదాకా ఖాళీ. సి బ్లాకు 4వ స్లాబు. స్టీలు సాయంత్రం 6:50కి మా చేతికి వచ్చింది. ఫ్యాన్ బాక్సులు 14, పైపు మొత్తం అయింది. రాత్రి 11:40కి దిగిన. హెల్పర్ ఒక్కడే, రెండోవాణ్ని డి బ్లాకుకు పంపిన్రు. సూపర్‌వైజర్‌కు 7 గంటలకు ఫోన్ చేసి చెప్పిన."

ఇందులో ఏడుపు లేదు, ఎవరి మీదా చాడీ లేదు. కానీ ఈ ఏడెనిమిది వాక్యాల్లో జీతం లెక్కా ఉంది, ఆలస్యానికి కారణమూ ఉంది. ఆ రాత్రి కష్టం ఇతని మందకొడితనం వల్ల వచ్చింది కాదన్న రుజువూ ఉంది. బాక్సు ఒకటి తప్పిందని నెల తర్వాత ఎవరైనా అంటే చూపించడానికి పేజీ ఉంది. రోజూ పని దిగాక ఐదు నిమిషాల్లో రాయాలి, వారం మొత్తం ఆదివారం కూర్చుని రాస్తే అందులో సగం ఊహే అవుతుంది. పేజీ ఫోటో తీసి ఇంటికి, భార్యకో తమ్ముడికో పంపండి. ఫోన్ పోయినా, బుక్కు సైటు మీద తడిసినా తేదీతో సహా ఆ ఫోటో మిగులుతుంది. తెలుగులో, మన యాసలో, మనకు వచ్చినట్టు రాయండి. చక్కని ఇంగ్లిషులో ఉన్న బుక్కు మీదనే నాకు అనుమానం.

ఇలా కొన్నాళ్లు రాస్తే మెల్లగా ఒకటి బయటపడుతుంది. పొద్దుటి ఖాళీ గంటలకూ రాత్రి డ్యూటీలకూ సంబంధం. మెటీరియల్ ఆలస్యమైన ప్రతిరోజూ రాత్రి అయిందని పేజీలే చెబుతాయి. అప్పుడు సూపర్‌వైజర్ దగ్గరికి పోయి అడగాల్సింది జాలి కాదు. "సార్, పైపు ముందురోజు సాయంత్రం దింపిస్తే మాకు రాత్రి పడదు, మీకు ఓటీ పడదు. ఈ నెల ఎన్నిసార్లు ఆలస్యమైందో రాసిపెట్టిన, చూడున్రి." సూపర్‌వైజర్ కూడా పైవాళ్ల దగ్గర ఇదే సంజాయిషీ ఇచ్చుకోలేక నలుగుతున్నవాడే. మీ పేజీ అతనికీ ఆయుధమవుతుంది. అందరు సూపర్‌వైజర్లూ అలా తీసుకుంటారని నేననను. "నా మీదనే రాస్తున్నవారా" అనేవాడు కూడా ఉంటాడు. అలాంటివాడి దగ్గర బుక్కు చూపించకండి, రాయడం మాత్రం ఆపకండి.

రెండు పనులు ఒకేసారి మీద పడేసినప్పుడు "అయితది సార్" అని తల ఊపడం మన అలవాటు. పెద్దమనిషికి కాదనడం మర్యాద కాదని పెరిగాం. కాదనక్కర్లేదు. "సార్, డి బ్లాకు డీబీ బాక్సు, సి బ్లాకు పైపు రెండూ ఇయ్యాల్నే అంటే ఒకటి ఆగుతది. ఏది ముందుగాల చెయ్యమంటరు?" అని అడిగి, ఆయన చెప్పింది బుక్కులో రాసుకోండి. వీలైతే వాట్సాప్‌లో కూడా "సి బ్లాకు ముందు, డి రేపు" అని ఒక్క ముక్క పెట్టండి. తేల్చాల్సిన బాధ్యత ఎవరిదో వాళ్ల దగ్గరికే చేరుతుంది. ఇది పొద్దున్నే జరగాలి. సాయంత్రం పని ఆగిపోయాక చెబితే సాకు కిందే లెక్క.

కురుమూర్తి సెలవు సంగతీ ఇంతే. జాతర తేదీ ఎవరూ దాచిపెట్టింది కాదు, క్యాలెండర్‌లో ఉంటుంది. దసరా నాడే ఊరి పిల్లలంతా కూర్చుని ఎవరు మొదటి రెండు రోజులు పోతారో, ఎవరు తర్వాత పోతారో పంచుకుని ఒకే కాగితం మీద సూపర్‌వైజర్‌కు ఇస్తే, సైటు ఆగదు, సెలవూ దొరుకుతుంది. జాతర చాలా రోజులు సాగుతుంది, అందరూ ఉద్దాల నాడే ఉండాలంటే కుదరదు. కొంత మనమూ తగ్గాలి.

గంటలు, తిట్లు, డబ్బు

2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ వారానికి 90 గంటల పని గురించి అన్న మాటలు దేశమంతా చర్చ అయ్యాయి. ఇళ్లు, వంతెనలు కట్టే వ్యాపారంలో ఉన్న కంపెనీ ఆయనది. ఆ చర్చ ఎక్కువగా ఏసీ గదుల్లో పనిచేసేవాళ్ల మధ్య నడిచింది. సైటు మీద ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు, అడిగితే వాళ్లకు అందులో కొత్తేమీ కనపడేది కాదు.

శరీరం మాత్రం లెక్క పెడుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మే నెల ఎండలో మూడో అంతస్తు స్లాబు మీద చేసే 55 గంటలు ఆఫీసు 55 గంటలతో సమానం కాదని చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు. నిద్ర చాలనివాడు నిచ్చెన మీద, కరెంటు తీగల మధ్య ఉంటాడు. అందుకే వరుసగా రెండు రాత్రులు చేశాక మూడో పొద్దున లైవ్ లైన్ మీద పని చెబితే ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. మిగతా చోట్ల సర్దుకోవచ్చు, ఇక్కడ కుదరదు. "ఇయ్యాల నన్ను గాడి పనికి పెట్టున్రి సార్, లైన్ మీద పెట్టకున్రి" అంటే చాలు, కారణం అందరికీ తెలుసు.

చట్టం సంగతి కొంచెం. మన దగ్గర వారానికి 48 గంటలన్నది ఎప్పటినుంచో ఉన్న గీత. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా అనుమతించినా వారం గీత 48 దగ్గరే ఉంచింది. అది దాటితే ఓటీ. 2025 నవంబర్ 21న నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోని వేతనాల కోడ్ ప్రకారం ఓటీకి మామూలు రేటుకు కనీసం రెండింతలు ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా పడాలి. ఏ కోతలు పెట్టినా అన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. ఉద్యోగంలో చేరినవాళ్లకు నియామక పత్రం ఇవ్వాలని ఇంకో కోడ్ చెబుతుంది. చేరిన మొదటి వారంలోనే ఆ కాగితం అడగండి. పని మీద నమ్మకం కుదిరాక ఇస్తామంటే, వాళ్లకు మీ మీద నమ్మకం కుదిరేలోపు మీరు వాళ్లను ఏ కాగితం మీద నమ్మాలి?

నా మటుకు నాకు ఆ వేతనాల కోడ్‌లో బాగా నచ్చింది ఒక చిన్న నిబంధన. జీతం ఇవ్వలేదనో, తక్కువిచ్చారనో కార్మికుడు ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని రుజువు చేసుకోవాల్సిన బరువు యజమానిది. ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంది. సబ్ కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే అసలు సంస్థదే బాధ్యత. అంటే మీ బుక్కు కోర్టులో గెలిచేంత పకడ్బందీగా ఉండక్కర్లేదు. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఏ సైటు, ఎవరి కింద అన్నది తేదీలవారీగా ఉంటే, ఆ తర్వాత సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లు. అందుకే పాత బుక్కులు పొయ్యిలో వేయకండి, మూడేళ్లు దాచండి.

అడ్వాన్సు గురించి మాత్రం నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. చెల్లెలి పెళ్లికో బోరు వేయడానికో కంపెనీ నుంచో మేస్త్రి నుంచో తీసుకున్న పెద్ద మొత్తం, మీరు కాదనాల్సిన ప్రతిచోటా నోరు నొక్కుతుంది. తీసుకోక తప్పకపోతే నెలకు ఎంత కోస్తారో, ఎన్ని నెలలో కాగితం మీద ఉండాలి. ఒక్కోసారి మేస్త్రి మన చుట్టమే కాబట్టి ఆ కాగితం అడగలేం. చుట్టమైతే ఇంకా అడగాలి, లేదంటే లెక్కతో పాటు చుట్టరికం కూడా పోతుంది. అప్పు చూపించి మనిషిని కదలకుండా ఆపడం, ఇంకోచోట పనికి పోనీయకపోవడం 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం కింద నేరం. మనిషి తాకట్టు కాదు.

తిట్ల విషయానికొస్తే, సైటు మీద గొంతు పెరగడం వేరు. క్రేన్ కింద నిలబడ్డవాణ్ని "దూరం జరుగు" అని అరిచి లాగేవాడు ప్రాణం కాపాడుతున్నాడు. తల్లిని తీసి తిట్టేవాడు, కులం పేరుతో పిలిచేవాడు పని చేయించడం రాక తిడుతున్నాడు. మొదటిసారే, పక్కన నలుగురు లేనప్పుడు, మెల్లగా "అన్నా, పని గురించి ఎంతైనా అను, అమ్మను తియ్యకు" అని చెప్పండి. ఇది పనిచేయడం చాలామంది చూశారు. నలుగురి ముందు ఎదురు తిరిగితే అతనికి పరువు అడ్డమొస్తుంది. కులదూషణ అయితే మెత్తగా చెప్పాల్సిన అవసరం లేదు. నలుగురిలో కులం పేరుతో దళితుణ్ని, ఆదివాసీని తిట్టడం 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, అక్కడ విన్నవాళ్లు సాక్షులు.

మనమే మేస్త్రులమైతే

ఇప్పుడు కథ తిరగబడింది. జూరాల, భీమా, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లు వచ్చాక వలస కొంత తగ్గింది. వరి నాట్లకు బీహార్ నుంచి కూలీలు మన పొలాల్లోకే వస్తున్నారు. సైట్ల మీద పాలమూరు మనిషి చాలాచోట్ల సబ్ కాంట్రాక్టర్. అతని కింద ఒడిశా, జార్ఖండ్, బీహార్ పిల్లలు. వాళ్ల భాష ఇతనికి సగమే వచ్చు. రాసే బుక్కు ఇప్పుడు ఇతని దగ్గర ఉంది.

ఇక్కడే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. గుంపు మేస్త్రి కొడుకో మనవడో కాదు, గుంపు మేస్త్రి కింద నలిగిన మనిషి కొడుకు అచ్చం అలాగే లెక్క రాస్తాడు. "మేం పడలేదా, వాళ్లు పడితే ఏమైతది" అంటాడు. పని ఎవరి దగ్గర నేర్చుకుంటామో పని చేయించే తీరూ వాళ్ల దగ్గరే అంటుకుంటుంది. వదిలించుకోవాలంటే మనసు మంచిదైతే చాలదు, పద్ధతి మార్చుకోవాలి. శనివారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరి పేరు చదివి, రోజులు, గంటలు, ఖర్చుకు ఇచ్చింది, మిగిలింది గట్టిగా వినిపించండి. తప్పుంటే అప్పుడే దిద్దండి. హిందీ రాకపోతే అంకెలు చూపించండి. లేబర్ బయటికి పోకుండా ఆపడానికి నాకు తెలిసిన చవకైన దారి ఇదే. రేపు పని మధ్యలో పది మంది రాత్రికి రాత్రే ఇంకో సైటుకు జారుకుంటే మీకు పడే నష్టం ముందు ఆ అరగంట ఎంత?

ఇంకో విషయం. మీ కింద 10 మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే ఈఎస్‌ఐ, 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. నెలకు 21,000 దాకా జీతమున్న మనిషికి ఈఎస్‌ఐ కింద కోసేది 0.75 శాతమే, యజమాని వేసేది 3.25 శాతం. పైనుంచి పడ్డవాణ్ని ప్రైవేటు ఆస్పత్రికి మోసి, ఊరివాళ్ల దగ్గర అప్పు చేసి బిల్లు కట్టిన సబ్ కాంట్రాక్టర్‌కు ఈ శాతాల విలువ తెలుస్తుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు కూడా చేయించండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కట్టడాల ఖర్చు మీద వసూలు చేసే 1 శాతం సెస్సుతో నడిచే బోర్డు అది. ఆ 90 రోజులు చూపించడానికీ బుక్కే దిక్కు.

మానేసేటప్పుడు

అన్నీ చేసినా మారని కంపెనీలు ఉంటాయి. అలాంటిచోట ఇంకో ఏడాది ఓర్చుకోవడాన్ని నేను గుణంగా చూడను. కోపంలో పోకండి. పని దొరికాక, చెప్పి పోండి. కొత్త కోడ్ ప్రకారం రాజీనామా ఇచ్చినవాడికి రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ముట్టాలి. నెలాఖరుకు రమ్మని ఊరికి పంపితే మళ్లీ హైదరాబాద్ రావడానికి అయ్యే చార్జీ, పోయే కూలి కూడా మీ నష్టమే, కాబట్టి ఆ రెండు రోజులు ఇక్కడే ఉండి తీసుకోండి. పీఎఫ్ యూఏఎన్ నంబర్ మీ పేరు మీద, మీ ఆధార్ స్పెల్లింగ్‌తోనే ఉందో లేదో, మీ పాత నెలల పీఎఫ్ నిజంగా పడిందో లేదో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడండి. జీతంలో కోసి ఖాతాలో వేయని నెలలు కనపడితే జీతం స్లిప్పులతో సహా పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టండి. అనుభవ పత్రం మీద హెల్పర్ అని కాకుండా మీరు నిజంగా చేసిన పని పేరు రాయించుకోండి, తర్వాతి జీతం దాని మీద ఆధారపడుతుంది.

టూల్ బ్యాగు ఆఖర్న చూడండి. మీ కట్టర్లు, టెస్టర్ మీవి. డ్రిల్లింగ్ మిషన్, క్రింపింగ్ టూల్, నిచ్చెన కంపెనీవి. అవి ఎవరికి అప్పగించారో తేదీతో బుక్కులో రాసి, స్టోర్ మనిషి చేత సంతకం పెట్టించుకోండి. మిషన్ పోయిందని చివరి జీతంలో కోసే అలవాటు చాలా కంపెనీలకు ఉంది.